డిసెంబరు 26న మొదలయ్యే మరో ఆటకూ చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

డిసెంబరు 26 అనగానే మన క్రీడాభిమానులకు మెల్‌బోర్న్‌లో మొదలయ్యే బాక్సింగ్ డే టెస్టే గుర్తుకొస్తుంది. కెనడాలో స్థిరపడిన మాబోటి తెలుగు కుటుంబాలకు మాత్రం ఆ రోజుతో మరో పండగ కూడా మొదలవుతుంది. ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లు తమ దేశాల తరఫున ఆడే ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలు సాధారణంగా అప్పుడే ప్రారంభమై జనవరి 5 దాకా సాగుతాయి. 1977 నుంచి అధికారికంగా జరుగుతున్న ఈ పోటీల ఊసు తెలుగు పత్రికల క్రీడా పుటల్లో దాదాపుగా కనిపించకపోవడం నాకు వెలితిగా ఉంది.

బయట మంచు కురుస్తుంటే, బడులకు సెలవులిచ్చిన ఆ పది రోజులూ పిల్లలూ పెద్దలూ టీవీ ముందు చేరి ఈ ఆట చూడటం ఇక్కడి ఆనవాయితీ; మా ఇంట్లోనూ అది సంక్రాంతి సన్నాహాలతో పాటే స్థిరపడిపోయింది. తలపండిన ఆటగాళ్ల పోటీల్లో లేని అనిశ్చితి ఇందులో ఉంటుందని నా నమ్మకం.

2024 డిసెంబరు 27 రాత్రి కెనడా రాజధాని ఒటావాలో జరిగిన మ్యాచ్‌నే తీసుకోండి. ఇరవై సార్లు విజేతగా నిలిచిన ఆతిథ్య జట్టు కెనడాకు ప్రత్యర్థి లాత్వియా. హైదరాబాద్ జనాభాలో నాలుగో వంతు కూడా లేని ఆ దేశం ఈ పోటీల్లో అంతకుముందు ఎన్నడూ కెనడాను ఓడించలేదు. లాత్వియా గోల్‌కీపర్ ఫెల్డ్‌బెర్గ్స్ ఆ రాత్రి 55 షాట్లను ఆపాడు. స్కోరు 2-2 వద్ద సమమై, అదనపు సమయంలోనూ ఫలితం తేలక, ఒక్కో ఆటగాడు ఒంటరిగా పక్‌ను (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) నడిపించుకుంటూ వచ్చి గోల్‌కీపర్‌ను ఎదుర్కొనే షూటౌట్ దాకా వెళ్లింది. ఎనిమిదో విడతలో మటేయ్‌కో కొట్టిన గోల్‌తో లాత్వియా గెలిచింది. మ్యాచ్ ముగిశాక గెలిచిన జట్టు జాతీయ గీతాన్ని వినిపించడం ఈ పోటీల సంప్రదాయం. ఓడిన కుర్రాళ్లు కూడా మంచు మైదానంలోని నీలి గీత మీద వరుసగా నిలబడి ఆ గీతం పూర్తయ్యేవరకు కదలకపోవడం మా పిల్లలు చూసి నేర్చుకోదగ్గ మర్యాద.

సరిగ్గా అదే రాత్రి, మెల్‌బోర్న్‌లో మరునాటి పగలు, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల వద్ద అవతలి వైపు నిలబడి ఉండగా, హైదరాబాదీ సిరాజ్ కమిన్స్ బంతులు మూడింటిని కాచుకుని అతని తొలి టెస్టు శతకానికి దారిచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ల ఆ కుర్రాణ్ణి చూసి తెలుగువారంతా ఎందుకు పొంగిపోయారో, లాత్వియా జనం ఫెల్డ్‌బెర్గ్స్‌ను చూసి అందుకే పొంగిపోయి ఉంటారు.

ఇలాంటి రోజులు ఈ పోటీలకు కొత్త కాదు. 2009లో ఇదే ఒటావాలో రష్యాతో జరిగిన సెమీఫైనల్ మరో 5.4 సెకన్లలో ముగుస్తుందనగా జోర్డన్ ఎబర్లీ కెనడాకు స్కోరు సమం చేశాడు. 2011లో అమెరికాలోని బఫలోలో ఫైనల్ చివరిదైన మూడో పీరియడ్ (ఆట భాగం) 0-3తో మొదలుపెట్టిన రష్యా 5-3తో కెనడాపైనే గెలిచింది.

మంచు లేని నేలకు మంచు ఆట ఎందుకని కొందరు అడగవచ్చు. లద్దాఖ్ అమ్మాయిలే అధికంగా ఉన్న భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్ కాంస్యం గెలుచుకుంది కాబట్టి ఇది మనకు పూర్తిగా పరాయి ఆటేమీ కాదు. ఒటావాలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ మన ఊళ్లలో ధనుర్మాసపు ఉదయం ఆరు గంటలకు పడుతుంది. ఆ పది రోజులూ క్రీడా పుటలో ఒక చిన్న గడి కేటాయించి ఫలితాలనూ, మొదటి రోజున ఆట నియమాలనూ ప్రచురిస్తే, మనవలు ఫోనులో ఉత్సాహంగా చెప్పే మ్యాచ్ విశేషాలు అక్కడి తాతయ్యలకూ అమ్మమ్మలకూ అర్థమవుతాయి. ఈ విన్నపాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఒటావా, కెనడా