కయాక్‌లో లేక్ ట్రౌట్ వేట: లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అమెరికాలో మనవాళ్ల సరదాల గురించి మీరు వేసిన పేజీ చూశాను. కయాక్ అనే ఇరుకైన తెడ్డు పడవలో కూర్చుని లేక్ ట్రౌట్ అనే చేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న కుర్రాడి ఫొటో చాలా బాగుంది. నాకూ ఆ వేటంటే ప్రాణం కాబట్టి ముందు చేపనే చూశాను. తర్వాత చూస్తే అబ్బాయి ఒంటి మీద ఉన్నది టీషర్టు, లైఫ్ జాకెట్ వెనకాల తాడు కింద మడిచి పెట్టి ఉంది. అప్పటినుంచి ఆ ఫొటో మనసులోంచి పోవడం లేదు. దాన్ని చూసి ఇంకో పదిమంది అలాగే బయల్దేరతారేమోనని భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మిన్నెసోటాలో, లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సుకి దగ్గర్లో ఉంటాను. లేక్ ట్రౌట్‌కి చల్లటి నీళ్లే కావాలి, పది డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటే దానికి హాయి. ఎండాకాలంలో పైనీళ్లు వేడెక్కాయంటే అరవై అడుగులు, వంద అడుగులు, ఒక్కోచోట ఇంకా లోతుకి దిగిపోతుంది. అదే మంచు కరిగిన కొత్తలో, ఏప్రిల్, మే నెలల్లో, సరస్సు పైనుంచి కిందిదాకా చల్లగానే ఉంటుంది కాబట్టి ఒడ్డు దగ్గరికి కూడా వచ్చేస్తుంది. పెద్ద పడవా, లోతుకి గాలం దించే సామానూ లేని మాలాంటి కయాక్ వాళ్లకి అదే పండగ. కానీ చేప మనకి అందే దూరంలోకి వచ్చే రోజులూ, నీళ్లలో పడితే బతకడం కష్టమయ్యే రోజులూ అవే. ఒడ్డు మీద ఎండ ఇరవై డిగ్రీలు దాటి చొక్కా విప్పేయాలనిపిస్తుంది, చెయ్యి ముంచితే నీళ్లు నాలుగైదు డిగ్రీలే.

నాలుగేళ్ల క్రితం మే నెలలో నేను పడ్డాను. చేప కయాక్ పక్కకి వచ్చేసింది, వల అందక కాస్త ఎక్కువ వంగాను, అంతే. నాకు ఈత రాక కాదు, చిన్నప్పుడే బావిలో దూకి నేర్చుకున్నవాణ్ణి. అయినా ఆ చలికి నోరు దానంతట అదే తెరుచుకుని ఊపిరి లోపలికి లాగేసింది, ఆపుదామన్నా నా చేతిలో లేదు. ఆ క్షణంలో తల నీళ్లపైన ఉండడానికి కారణం ఒంటి మీదున్న లైఫ్ జాకెట్ ఒక్కటే. పక్క కయాక్‌లో ఉన్న స్నేహితుడు నా కయాక్‌ని గట్టిగా పట్టుకుంటే మూడోసారికి పైకి ఎక్కగలిగాను. ఒడ్డుకి చేరాక జాకెట్ జిప్పు లాగడానికి వేళ్లు వంగలేదు, అతనే తీశాడు.

చల్లటి నీళ్లలో మనిషి ఒంటికి ఏమవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెష్ట్ దీన్ని ఒకటి, పది, ఒకటి అని చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది ఓ పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. చలికి ఒళ్లు చల్లబడి పోతారని మనవాళ్లు అనుకుంటారు గానీ చాలామంది అంతదాకా రారు, మొదటి నిమిషాల్లోనే మునిగిపోతారు. వెనకాల తాడు కింద ఉన్న జాకెట్‌ని నీళ్లలో పడ్డాక తీసి తొడుక్కుందామంటే జరిగే పని కాదు.

బట్టలు కూడా ఎండని బట్టి కాదు, నీళ్లని బట్టి వేసుకోవాలి. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రైసూట్ ఖరీదే, కాదనను, అది కొనే స్తోమత లేనప్పుడు మే నెల వేట మానుకుని నీళ్లు కాస్త వేడెక్కాక చిన్న సరస్సుల్లో మొదలుపెట్టండి, తప్పేం లేదు. ఒడ్డు వైపు నుంచి నీళ్ల మీదికి వీచే గాలితో మరీ జాగ్రత్త. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, గాలం మీద ధ్యాసలో ఉండగానే ఆ గాలి మిమ్మల్ని లోపలికి తోసుకుపోతుంది, తిరిగి వద్దామంటే ఎదురుగాలి. ఫోన్‌ని నీళ్లు చొరని సంచీలో పెట్టి ఒంటికి కట్టుకోవాలి, కయాక్‌కి కాదు. పడ్డాక మళ్లీ ఎలా ఎక్కాలో ఎండాకాలంలో ఒడ్డు దగ్గర ఓ పదిసార్లు సాధన చేస్తేనే వస్తుంది. చిన్న పడవలో వెళ్లేవాళ్లయితే చేప పడగానే ఇద్దరూ ఒకే పక్కకి లేచి నిలబడకండి.

ఆ చేప గురించీ ఒక మాట. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పది కిలోల లేక్ ట్రౌట్ అంటే ఇరవై ఏళ్లు దాటిన ప్రాణి కావచ్చు. సముద్రం నుంచి చొరబడ్డ లాంప్రే అనే రక్తం పీల్చే జీవి, దానికి తోడు అతివేట, ఈ రెండూ కలిసి, లేక్ సుపీరియర్‌తో సహా గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో దీన్ని దాదాపు తుడిచిపెట్టేశాయి. దశాబ్దాల తరబడి లాంప్రేని అణచి, చేపపిల్లల్ని వదిలి పెంచితే, 2024లో గానీ లేక్ సుపీరియర్‌లో చాలా భాగం మేరకు ఇది కోలుకుందని గ్రేట్ లేక్స్ ఫిషరీ కమిషన్ ప్రకటించలేదు. లోతు నుంచి పైకి లాగుతున్నప్పుడు చేప కన్నా ముందు బుడగలు తేలతాయి, ఒంట్లో ఉండే గాలితిత్తిలోని గాలిని నోటి గుండా వదులుకుంటూ వస్తుంది. అందుకని మెల్లగా లాగితే కొంత నయం. కానీ ఎండాకాలంలో చల్లటి లోతు నుంచి వేడి నీళ్లలోకి తెచ్చి, ఫొటోల కోసం ఆడించి, ఆనక వదిలేస్తే అది ఈదుకుంటూ వెళ్లినట్టే ఉంటుంది గానీ చాలాసార్లు బతకదు. తినేందుకు కావాల్సినవి పట్టుకుని ఆపేయండి. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువుంటుంది, ఎంత తినొచ్చో ఆయా రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చెబుతాయి, చూసుకుని వండుకోండి.

మీకు నా మనవి ఒక్కటే. ఈసారి ఇలాంటి ఫొటో వేసేటప్పుడు లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్నదే ఎంచుకోండి. అలాంటిది దొరక్కపోతే ఫొటో కింద ఆ మాట రెండు వాక్యాల్లో రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిన్నెసోటా