సరిహద్దులు తెరిచారు, ఫైళ్లు తెరవలేదు

సంపాదకుడు గారికి,

ప్రపంచంలో ఎక్కడ బాంబు పేలినా మర్నాటికల్లా రెండు మాటలు వినపడతాయి. దేశాలన్నీ ఒక్కటైతే తప్ప ఈ ఉగ్రవాదం ఆగదని ఒకరంటారు. బోర్డర్లు బార్లా తెరిచి కూర్చుంటే ఇలాగే అవుతుంది, ఎవరి దేశం వాళ్లు చూసుకోవాలి అని ఇంకొకరంటారు. టీవీ చర్చ ఈ రెండింటి మధ్యే గంటసేపు నడిచి ఆగిపోతుంది. నేను కొన్నేళ్లుగా ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను, చదివేకొద్దీ ఈ రెండు పక్షాలూ అసలు చోటు వదిలేసి చుట్టూ తిరుగుతున్నాయనే అనిపిస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

దేశాలు రాజకీయంగా దగ్గరైతే భద్రత పెరుగుతుందా అని అడిగితే ముందు చూడాల్సింది యూరప్‌నే. ఉమ్మడి పార్లమెంటు, ఉమ్మడి కోర్టు, చాలా దేశాలకి ఒకటే కరెన్సీ, పాస్‌పోర్టు చూపించకుండా ఒక దేశంలో బయల్దేరి ఇంకో దేశంలో దిగే వీలు. సొంత ఇష్టంతో ఇంత దగ్గరైన దేశాలు ఇంకెక్కడా లేవు. మరి అక్కడ ఏం జరిగింది?

2015 నవంబర్ 13 రాత్రి పారిస్‌లో 130 మందిని చంపేశారు. మర్నాడు పొద్దున బెల్జియం వైపు వెళ్లే హైవే మీద, కాంబ్రే అనే ఊరి దగ్గర, ఫ్రెంచ్ పోలీసులు ఒక కారు ఆపారు. లోపల ముగ్గురున్నారు. అందులో ఒకడు సలా అబ్దెస్లాం, రాత్రి దాడి చేసిన ముఠాలోవాడు. వాడు దొంగ పేరేమీ చెప్పలేదు, తన సొంత గుర్తింపు కార్డే తీసి ఇచ్చాడు. పోలీసులు ఆ పేరుని షెంజెన్ దేశాలన్నిటికీ, అంటే తమ మధ్య పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాలన్నిటికీ, ఉమ్మడిగా ఉండే డేటాబేస్‌లో కొట్టి చూశారు. పేరు ఉంది. కానీ మామూలు నేరాలు చేసినవాడిగా ఉంది. వీడు సిరియా వెళ్లే ఆలోచనలో ఉన్నాడేమోనని అదే ఏడాది మొదట్లో బెల్జియం పోలీసులు పిలిచి ప్రశ్నించిన సంగతి మాత్రం అందులో లేదు. కారుని పోనిచ్చారు. మళ్లీ వాడు దొరికింది నాలుగు నెలల తర్వాత, 2016 మార్చి 18న, బ్రసెల్స్‌లో తను పెరిగిన మోలెన్‌బీక్ పేటలోనే. ఆ తర్వాత నాలుగు రోజులకే అదే ముఠాలో మిగిలినవాళ్లు బ్రసెల్స్ విమానాశ్రయంలో, మెట్రో రైల్లో తమని తాము పేల్చుకుని 32 మందిని పొట్టన పెట్టుకున్నారు.

ఆ హైవే మీద కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డ పోలీసు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అతని తప్పేం లేదు. చేయాల్సిందంతా చేశాడు, ఆపాడు, అడిగాడు, వెతికాడు. అతనికి కావాల్సిన ఒక్క వాక్యం పక్క దేశంలో ఎవరి బీరువాలోనో ఉండిపోయింది.

ఇది ఎవరో గుమాస్తా పొరపాటు అనుకుంటే సరిపోదు, యూరప్ దేశాలు రాసుకున్న ఒప్పందంలోనే దీని మూలం ఉంది. యూరోపియన్ యూనియన్ ఒప్పందం నాలుగో అధికరణం చదివితే, జాతీయ భద్రత మాత్రం పూర్తిగా ఏ దేశానికి ఆ దేశం బాధ్యతే అని స్పష్టంగా రాసి ఉంటుంది. అంటే సరుకు కలిపారు, మనుషుల రాకపోకలు కలిపారు, నిఘాని మాత్రం ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. అలా ఉంచుకోవడానికి కారణాలు లేకపోలేదు, రహస్యం ఇచ్చిన మనిషి ప్రాణం ఆ రహస్యంతోనే ముడిపడి ఉంటుంది, పాతికకి పైగా దేశాలకి చెబితే ఎక్కడో ఒకచోట బయటికి పొక్కుతుందన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ అంత భయం ఉన్నప్పుడు తలుపులు తీసేముందు ఆలోచించాలి కదా. తలుపులు ఉమ్మడిగా తీసేసి, ఎవరు ప్రమాదకరమైనవాళ్లో చెప్పే కాగితాలు విడివిడిగా దాచుకుంటే ఆ సందు ఎవరికి ఉపయోగపడుతుంది?

ఉపయోగపడింది కూడా. 2016 డిసెంబర్ 19న బెర్లిన్‌లో క్రిస్మస్ సంతలోకి లారీ తోలి 12 మందిని చంపిన అనిస్ అమ్రీ ట్యునీషియావాడు. ముందు ఇటలీకి వచ్చి, అక్కడ జైల్లో నాలుగేళ్లు ఉండి, బయటికొచ్చి 2015లో జర్మనీ చేరాడు. పద్నాలుగు రకాల పేర్లు, వివరాలు వాడాడు. వాడి గురించి తెలియక కాదు, బెర్లిన్‌లో నలభై ప్రభుత్వ సంస్థలు కలిసి కూర్చునే ఉగ్రవాద వ్యతిరేక కేంద్రంలో వాడి పేరు ఎన్నోసార్లు చర్చకి వచ్చింది. దాడి చేశాక నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దాటి ఇటలీ చేరాడు, దారి పొడుగునా ఎవరూ పట్టుకోలేదు. నాలుగో రోజు అర్ధరాత్రి దాటాక మిలాన్ పక్కన సెస్తో సాన్ జొవాన్ని స్టేషన్ దగ్గర ఇద్దరు పోలీసులు మామూలు తనిఖీలో కాగితాలు అడిగితే తుపాకీ తీశాడు, వాళ్ల చేతిలో చచ్చాడు. ఐరోపా అంతా వెతుకుతున్న మనిషి చివరికి గస్తీ తిరిగే ఇద్దరు కానిస్టేబుళ్లకి అనుకోకుండా ఎదురుపడ్డాడు.

ఇదంతా చదివి, చూశారా, కలవడమే తప్పు అనేవాళ్లకి ఇంకో వైపు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ ఉత్తరం అన్యాయం అవుతుంది.

1995లో పారిస్ మెట్రో పేలుళ్ల కేసులో రషీద్ రమ్‌దా అనే వ్యక్తి లండన్‌లో అరెస్టయ్యాడు. వాణ్ని అప్పగించమని ఫ్రాన్స్ అడిగింది. అప్పీళ్ల మీద అప్పీళ్లు, వాయిదాల మీద వాయిదాలు, బ్రిటన్ వాణ్ని ఫ్రాన్స్‌కి పంపింది 2005 డిసెంబర్‌లో. పదేళ్లు! చనిపోయినవాళ్ల కుటుంబాలు పదేళ్లు ఎదురుచూశాయి. అదే 2005 జూలై 21న లండన్‌లో బాంబులు పేల్చబోయి విఫలమైనవాళ్లలో ఒకడు రోమ్ పారిపోయాడు. జూలై 29న అక్కడ దొరికాడు. సెప్టెంబర్‌లో లండన్‌లో ఉన్నాడు. రెండు నెలలు కూడా పట్టలేదు. మధ్యలో మారిందేమిటంటే, 2004 నుంచి యూరోపియన్ అరెస్టు వారంట్ అమల్లోకి వచ్చింది. ఒక దేశం జడ్జి సంతకం చేస్తే ఇంకో దేశం జడ్జి గడువు లోపల జవాబు చెప్పాలి, మంత్రుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఇది రాజకీయంగా దగ్గరవడం వల్ల వచ్చిందే, లేకపోతే ఇలాంటి చట్టం ఎవరు ఒప్పుకుంటారు?

స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో ఉండే బాస్క్ ప్రాంతం కథ నాకు ఇంకా పెద్ద ఉదాహరణ అనిపిస్తుంది. స్పెయిన్‌లో ఈటీఏ అనే వేర్పాటువాద సంస్థ 800 మందికి పైగా చంపింది. ఏళ్ల తరబడి వాళ్లు స్పెయిన్‌లో కాల్చి, కొండలు దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లిపోయేవాళ్లు. ఫ్రాంకో నియంతృత్వం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులుగానే ఫ్రాన్స్ వాళ్లని చూసేది. 1975లో ఫ్రాంకో పోయాడు, ప్రజాస్వామ్యం వచ్చింది, అయినా ఆ చూపు మారలేదు. అప్పుడు స్పెయిన్‌లో అధికారంలో ఉన్న కొందరు ఏం చేశారో తెలుసా, జీఏఎల్ అనే పేరుతో కిరాయి హంతకులని ఫ్రాన్స్‌లోకి పంపారు. 1983 నుంచి 1987 దాకా 27 మంది చనిపోయారు, వాళ్లలో ఏ సంబంధం లేనివాళ్లు కూడా ఉన్నారు. తర్వాత స్పెయిన్ మాజీ హోం మంత్రే ఆ ముఠా చేసిన ఒక కిడ్నాప్ కేసులో జైలుకి వెళ్లాడు. చట్టం సరిహద్దు దాటలేకపోతే ప్రభుత్వాలే నేరం చేయడానికి తెగిస్తాయన్నది అక్కడ కళ్లారా కనపడింది.

ఫ్రాన్స్ 1984లో అప్పగింతలు మొదలుపెట్టింది. 1986లో స్పెయిన్ యూరోపియన్ కమ్యూనిటీలో, అంటే ఇప్పటి యూనియన్‌కి ముందు రూపంలో, చేరింది. పక్క దేశం కోర్టుల మీద నెమ్మదిగా నమ్మకం కుదిరింది. 1992 మార్చిలో ఈటీఏ అగ్రనాయకులు బిదార్ అనే చిన్న ఊళ్లో దొరికారు, అదీ ఫ్రాన్స్ గడ్డ మీద, ఫ్రెంచ్ పోలీసుల చేతిలో. 2011లో సాయుధ పోరు మానేస్తున్నామన్నారు, 2018లో సంస్థనే రద్దు చేసుకున్నారు. పోలీసులొక్కరి వల్లే ఇదంతా అయిందని అనను, బాస్క్ జనమే ఆ హత్యలతో విసిగిపోయారు, అది పెద్ద కారణం. కానీ దాక్కునే చోటు పోకపోతే ఆ విసుగుకి ఫలితం దక్కడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో.

కాబట్టి దగ్గరవడం పనిచేస్తుంది, అయితే పనిచేసింది ఎక్కడ అని చూడండి. కోర్టుకీ కోర్టుకీ మధ్య, పోలీసుకీ పోలీసుకీ మధ్య, గడువుతో, చట్టంతో. జెండా, గీతం, శిఖరాగ్ర సమావేశం, వీటి వల్ల ఒక్క దాడి ఆగిన దాఖలా నాకు కనపడలేదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐదూ వేర్వేరు దేశాలు, ఉమ్మడి పార్లమెంటు లేదు, తెరిచిన సరిహద్దులు లేవు, అయినా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో మొదలైన ఏర్పాటుతో ఈ రోజుకీ నిఘా సమాచారం పంచుకుంటూనే ఉన్నాయి. యూరప్‌లో కూడా గూఢచారి సంస్థల పెద్దలు కలుసుకునే బెర్న్ క్లబ్ యూనియన్ బయటే నడుస్తుంది, యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్, నార్వే అందులో ఉన్నాయి. ఇంకోపక్క బ్రిటన్‌ని చూడండి. 2019లో ఆ దేశ పోలీసులు షెంజెన్ డేటాబేస్‌ని 50 కోట్లకు పైగా సార్లు వెతికారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేయడంతో 2020 డిసెంబర్ 31 రాత్రి ఆ కనెక్షన్ తెగిపోయింది. యూనియన్ వదిలేయడం మంచిదా చెడ్డదా అన్నది వాళ్లిష్టం, ఆ గొడవలోకి నేను పోను, కానీ పోలీసు చేతిలోని పనిముట్టు రాజకీయ గొడవకి బలైపోవడం మాత్రం నాకు బాధగా ఉంది.

ఒకే దేశం అయిపోతే సమస్య తీరుతుందని నమ్మేవాళ్లు అమెరికాని గుర్తు చేసుకోవాలి. సెప్టెంబర్ 11 దాడుల్లో పెంటగాన్ మీదికి విమానం తోలినవాళ్లలో ఇద్దరి గురించి 2000లోనే సీఐఏకి తెలుసు. ఒకడికి అమెరికా వీసా ఉందని తెలుసు, ఇంకొకడు లాస్ ఏంజెలిస్‌లో దిగాడని తెలుసు. వాళ్ల పేర్లు నిఘా జాబితాలోకి ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. ఒకే జెండా, ఒకే ప్రభుత్వం, మధ్యలో ఏ సరిహద్దూ లేదు, అయినా ఈ ఆఫీసు మాట ఆ ఆఫీసుకి చేరడానికి ఏడాదిన్నర పట్టింది. నార్వేది ఇంకా బాధాకరం. 2011 జూలై 22న 77 మందిని చంపిన బ్రేవిక్ పోలాండ్ కంపెనీ నుంచి రసాయనం తెప్పించుకున్నాడు. అంతర్జాతీయ కస్టమ్స్ కార్యక్రమం ద్వారా ఆ కొనుగోలుదారుల జాబితా వాడి పేరుతో సహా నార్వే భద్రతా సంస్థకి దాడికి ఏడు నెలల ముందే చేరింది. సమాచారం సరిహద్దు దాటి వచ్చింది, వచ్చి టేబుల్ మీద కూర్చుంది, దాని మీద అడుగు ముందుకి పడలేదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అన్నీ ఒకే చేతిలో పెట్టేయండి అనేవాళ్లంటే కూడా నాకు టెన్షనే. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్ల తర్వాత డిటొనేటర్లున్న ఒక ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర దొరికింది. అది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉండే ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చేశారు. అతను ఇస్లాం స్వీకరించిన అమెరికన్. ముద్ర కలవడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే చెప్పారు. వినలేదు, మేలో అరెస్టు చేశారు. రెండు వారాలకి స్పెయిన్ పోలీసులే ఆ ముద్ర ఒక అల్జీరియా వ్యక్తిదని తేల్చాక వదిలేసి క్షమాపణ చెప్పారు. స్పెయిన్‌లో వేరే పోలీసులు, వేరే కళ్లు ఉండబట్టి ఆ మనిషి బయటపడ్డాడు. సమాచారం పంచుకోవాలి, నిజమే, కానీ పంచుకున్న తప్పు కూడా అంతే వేగంగా అన్ని దేశాలకీ పాకుతుంది. దాన్ని తిరగరాయించుకునే హక్కు, వెళ్లి అడిగే కోర్టు ఆ మనిషికి ఉండాలి.

అయ్యా, మీ పత్రికకి నా విన్నపం ఒకటే. దేశాధినేతలు చేతులు కలిపి నిలబడ్డ ఫోటో వచ్చినప్పుడు, ఉగ్రవాదంపై ఉమ్మడి పోరు అన్న హెడ్డింగ్ కింద, ఒక దేశం అడిగిన దానికి ఇంకో దేశం ఎన్ని రోజుల్లో జవాబిస్తోందో కూడా రాయండి. ఒప్పందంలో గడువు ఉందా, జవాబు రాకపోతే అడిగేదెవరు అని మీ విలేఖరులని అడగమనండి.

బెర్లిన్‌లో లారీ తోలిన ఆ అమ్రీని వెనక్కి పంపేయాలని జర్మనీ అంతకు ఆరు నెలల ముందే, 2016 జూన్‌లోనే నిర్ణయించింది. వాడు తమ పౌరుడేనని ట్యునీషియా ఒప్పుకుని కాగితాలు పంపాలి, అవి రాక పంపలేకపోయారు. అవి జర్మనీ చేరింది డిసెంబర్ 21న, దాడి జరిగిన రెండు రోజులకి.

ఇట్లు,
మీ పాఠకుడు