ఫిబ్రవరి 1 నుంచి కవర్లో పార్శిల్ కట్టం

మన హోటల్‌కి రోజూ వచ్చేవాళ్లందరికీ, వార్డులో నాకు ఓటేసినవాళ్లకీ, వేయనివాళ్లకీ నమస్కారం.

ఫిబ్రవరి 1 నుంచి సాంబారు, చట్నీ, పప్పు, కూర ఏదీ మన దగ్గర కవర్లో కట్టి ఇవ్వం. చేతి కవరు కూడా ఉండదు. గిన్నె తెచ్చుకోండి, క్యారేజీ తెచ్చుకోండి, లేదంటే మా స్టీలు డబ్బా డిపాజిట్ కట్టి పట్టుకెళ్లండి. ఇడ్లీ, గారె, పెసరట్టు అరటాకులో చుట్టి ఇస్తాం.

ఇంతవరకు బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు. కానీ సంక్రాంతి ముందు నుంచీ దీని మీద ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడుకుంటున్నారు. హోటల్ నడిపేదీ నేనే, ఈ వార్డు కౌన్సిలర్నీ నేనే. అందుకని రెండు సంగతులూ కలిపి నేనే చెబుతున్నాను.

డిసెంబర్ కౌన్సిల్ సమావేశంలో, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని ఊళ్లో గట్టిగా ఆపాలని తీర్మానం చేశాం. కొత్తగా పెట్టిన రూలేమీ కాదది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. చేతి కవరు మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదని అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. సరుకు చుట్టే ప్లాస్టిక్ షీటుకైనా కనీసం 50 మైక్రాన్లు ఉండాలని 2016 నిబంధనల్లోనే రాశారు. బజార్లో దొరికే సాంబారు కవరు వేలికి తొడిగి చూడండి, గోరు మీద గీత కూడా అవతలికి కనిపిస్తుంది. అన్నీ ఉన్న రూల్సే, ఎవరూ పట్టించుకోలేదంతే.

తీర్మానానికి నేను చెయ్యెత్తింది ఎజెండా కాగితం చదివి కాదు. నవంబర్‌లో మార్కెట్ వెనక మురుగుకాలువ పూడిక తీయిస్తుంటే అక్కడే నిలబడి ఉన్నాను. దంతె లాగినప్పుడల్లా నల్లటి బురదతోపాటు ముడి వేసిన కవర్లు వస్తున్నాయి. కొన్నిటికి ముడి కూడా విప్పలేదు, లోపల చట్నీ అలాగే ఉంది. మున్సిపాలిటీలో పనిచేసే ఒకావిడ ఒక కవరు ఎత్తి చూసి, "ఇది మన హోటల్దేనండి అక్కా, ఆకు బొమ్మ ఉంది" అంది. ఎగతాళి చెయ్యలేదు పాపం, చూసింది చూసినట్టు చెప్పింది. చెప్పి మళ్లీ దంతె వేసింది.

ఆ ఆకు బొమ్మ దగ్గరే నాకు అనుమానం పట్టుకుంది. ఎందుకంటే పోయిన ఉగాది నుంచి మన హోటల్లో వాడుతున్నవి మామూలు ప్లాస్టిక్ కవర్లు కావు. 'కంపోస్టబుల్' అని అమ్మే కవర్లు. మొక్కజొన్న పిండి లాంటివాటితో చేస్తారు, ఎరువులో కలిసిపోతాయి అని చెప్పి అమ్మారు. మామూలు కవరుకి దాదాపు మూడు రెట్లు ధర. ఆ తేడా మీ మీద వేయలేదు. ఇడ్లీ రేటు పెంచలేదు, చట్నీ తగ్గించలేదు. మన హోటల్ నుంచి వెళ్లిన కవరు కాలువకి అడ్డం పడకూడదు, అంతే నాకు కావాల్సింది.

సప్లయర్ మాకు కొత్తవాడేం కాదు. హోటల్ పెట్టినప్పటి నుంచీ పేపర్ నాప్కిన్లు, విస్తళ్లు, డబ్బాలు అన్నీ అతని దగ్గరే. పండక్కి స్వీటు పంపుకునేంత పరిచయం. ఉగాదికి ముందు కట్టలు దింపుతూ సర్టిఫికెట్ జిరాక్స్ కూడా చేతిలో పెట్టాడు.

కంపోస్టబుల్ కవరు అమ్మాలంటే తయారుచేసే కంపెనీకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. సరుకు ఐఎస్ 17088 అనే నాణ్యతా ప్రమాణానికి నిలబడాలి. కంపెనీ పేరు, సర్టిఫికెట్ నంబరు కొనేవాళ్లకి తెలిసేలా ఉండాలి. మా కవరు మీద ఇవన్నీ ఉన్నాయి. పూడిక తీసిన రోజు రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టి ఆ నంబరు మండలి జాబితాలో వెతికించాను. ఆ నంబరుంది. కానీ అది వేరే రాష్ట్రంలో ఉన్న ఇంకో కంపెనీది. మా కవరు మీద అచ్చు వేసిన పేరు జాబితాలో ఎక్కడా లేదు. కట్ట విప్పి ఇంకో కవరు తీశాం, అదే పేరు, అదే నంబరు.

పొద్దున్నే ఫోన్ చేశాను. తడబడతాడేమో అనుకున్నాను. తడబడలేదు. "నంబరుంటే చాలక్కా, లోపల ఏముందో ఎవరు చూస్తారు? బజారంతా ఇదే నడుస్తోంది" అన్నాడు. ఇన్నేళ్ల లావాదేవీలో ఒక్క బిల్లు ఆలస్యం చేసి ఎరగను. వాన పడుతున్నా సరుకు దింపాడని మా పిల్లలతో టీ పంపించేదాన్ని. అలాంటి మనిషి నాతో 'ఎవరు చూస్తారు' అన్నాడు. పిండి రుబ్బుతూ గ్రైండర్ దగ్గర నిలబడ్డానే గాని, ఆ పూట నాకు పని మీద ధ్యాస లేదు.

మిగిలిన కట్టలు వెనక్కి తీసుకుంటాను, బదులుగా వేరే సరుకు ఇస్తానని మనిషిని పంపాడు. ఇవ్వలేదు. నేను వెనక్కిస్తే అవి సాయంత్రానికి ఇంకో హోటల్లో ఉంటాయి. డబ్బులు పోతే పోయాయని కట్టలన్నీ ఆటోలో వేసుకుని మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్లి ప్రజారోగ్య విభాగంలో అప్పగించాను. నా కౌంటర్ మీద దొరికిన కవరుకి వేరే షాపుకి రాసినట్టే నాకూ చలానా రాయమన్నాను. "కౌన్సిలర్‌గారికి ఎలా రాస్తామండీ" అని వాళ్లు నసిగారు. రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ రసీదు కౌంటర్ వెనక గోడకి అంటించాను, ఎవరైనా చూడొచ్చు.

ఆ రసీదు చూసే, "కౌన్సిలర్ హోటల్‌కే ఫైన్ పడిందట" అని కొందరు వాట్సాప్‌లో తిప్పారు. అడిగి రాయించుకున్న చలానా అది. ఇంకొందరు, ఇదంతా మా ఆయన ఆడిస్తున్న నాటకం అన్నారు. మున్సిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్లకి ఉన్నా, ఆడమనిషి ఒక నిర్ణయం తీసుకుంటే వెనకాల మగమనిషి కోసం వెతకడం మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే కవర్లు ఆపడం మా ఆయనకి ఇష్టం లేదు. ఇవాళ్టికీ లేదు. వచ్చే ఎన్నికల కోసం ఎత్తు అన్నవాళ్లూ ఉన్నారు. ఓట్లు కావాల్సినవాళ్లు ఎవరూ జనాన్ని గిన్నెలు మోసుకురమ్మనరు.

మా ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మన వ్యాపారంలో సగానికి సగం పార్శిళ్లే. హాస్టల్ పిల్లలు, బస్సు ఎక్కేవాళ్లు, డ్యూటీ దిగి ఇంటికెళ్లేవాళ్లు గిన్నె పట్టుకుని తిరగరు. "మనం మానేస్తే పక్క హోటల్లో కవర్లో కట్టి ఇస్తారు" అని ఆయన వాదన. అందుకే ధనుర్మాసమంతా నాకు ఇదే టెన్షన్. ముందు అసలు సర్టిఫికెట్ ఉన్న కంపెనీ కవర్లే తెప్పిద్దామనుకున్నాను. తీరా కనుక్కుంటే అసలైన కంపోస్టబుల్ కవరు కూడా బాగా వేడి పుట్టే పెద్ద కంపోస్టు ప్లాంటులో వేస్తేనే ఎరువవుతుంది. మురుగుకాలువలో పడితే అదీ మామూలు కవరులాగే ఉండిపోతుంది. మన ఊళ్లో అలాంటి ప్లాంటు లేదు. పోనీ పేపర్ కప్పుల్లో పోద్దామంటే వాటి లోపలా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బా ఇద్దామంటే దాని ధర మీ బిల్లులో వేయక తప్పదు. పది రూపాయల చట్నీకి డబ్బా ఖరీదు వేయడానికి నాకు మనసొప్పలేదు. న్యూస్ పేపర్లో చుట్టడం అయితే 2018 ఆహార ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అసలు కుదరదు, ఆ సిరా ఒంటికి మంచిది కాదు.

లెక్కలన్నీ వేశాక మిగిలింది ఒకటే దారి. నేను చెయ్యెత్తిన తీర్మానానికి నా హోటల్లోనే సందు వెతకను. వ్యాపారం కొంత తగ్గుతుంది, తెలుసు. పక్కన కట్టిస్తే కట్టించుకోనివ్వండి.

వార్డు పనులు కూడా నాలుగు ముక్కలు చెప్పేస్తాను. చెత్త పన్ను ఇంకా కట్టాలా అని చాలామంది అడుగుతున్నారు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు మొదలైన ఆ వసూలు ఎత్తేస్తామని ముఖ్యమంత్రి 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ప్రకటించారు, తర్వాత చట్టం కూడా సవరించారు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి, నాకు ఫోన్ చేయండి. పన్ను పోయింది గాని బండి రావడం మానలేదు. తడి, పొడి చెత్త వేరుగా ఇవ్వడం మనం మానకూడదు. ఇంటి పన్ను మీద కోపం నాకు అర్థమవుతుంది. 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్క కడుతున్నారు. ఇది రాష్ట్ర చట్టం, కౌన్సిల్‌లో చెయ్యెత్తితే మారదు. ఇంట్లో కొత్తగా ఏమీ కట్టకపోయినా ఏడాదికి 15 శాతం మించి పెరిగి ఉంటే మాత్రం నోటీసు పట్టుకుని రండి, ఆఫీసుకి నేనూ వస్తాను. 2025 జనవరి 18న మైదుకూరులో మొదలైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ప్రతి నెలా మూడో శనివారం ఉంటుంది. ఫిబ్రవరిలో మన వార్డులో మార్కెట్ వెనక కాలువ దగ్గరే పెడుతున్నాం. ఫొటోల కోసం వచ్చేవాళ్లు దయచేసి రావద్దు, పార పట్టేవాళ్లు రండి.

ఇక పార్శిల్ ఎలా అంటే. గిన్నె తెచ్చినవాళ్లకి చట్నీ, సాంబారు ఒక గరిటె ఎక్కువే వేస్తాం. మీ గిన్నె కడిగి ఉన్నా మళ్లీ వేడినీళ్లతో కడిగే పోస్తాం, తప్పుగా అనుకోవద్దు. స్టీలు డబ్బాకి డిపాజిట్ 150 రూపాయలు. డబ్బా ఎప్పుడు తెచ్చినా పూర్తిగా వెనక్కిస్తాం, సొట్ట పడినా అడగం. మూతకి రబ్బరు వాషరుంది, స్కూటర్ మీద పెట్టుకెళ్లినా సాంబారు కారదు, నేనే పెట్టుకెళ్లి చూశాను. హాస్టల్ పిల్లలు రూముకొక డబ్బా తీసుకుంటే చాలు, వాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకోను, పేరు రాయిస్తే చాలు. మన వీధిలో నడవలేని పెద్దవాళ్లకి మా కుర్రాడు పొద్దున్న ఏడున్నరకి క్యారేజీ ఇంటికి తెచ్చి ఇస్తాడు, దానికి అదనంగా ఏమీ లేదు. అరటాకులు రావులపాలెం వైపు నుంచి రోజూ తెల్లవారుజామున దిగుతాయి. ఆకు చిరిగి వస్తే మొహమాటపడకుండా మార్చమని అడగండి.

టీ ఎప్పటిలాగే గాజు గ్లాసులోనే.

మరిచిపోయి ఖాళీ చేతులతో వచ్చి కవరు అడిగితే మాత్రం మా కౌంటర్లో పిల్లలు ఇవ్వరు. వాళ్లని కసురుకోవద్దు. నన్ను పిలవండి, లోపల పొయ్యి దగ్గరే ఉంటాను. ఆ మాట నేనే చెబుతాను.