అంగ్‌కోర్ గుళ్ల నుంచి పిల్లల ఆసుపత్రి దాకా: 2023-24 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారములు.

ఈ సంవత్సరం మన సంఘం నెలవారీ సమావేశాలు, కార్తిక వనభోజనం, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా జతపరచిన పట్టికలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. నివేదికలో మిగిలిన భాగమంతా, జనవరిలో సంక్రాంతి వెళ్లాక 24 మంది సభ్యులం చేసిన కంబోడియా యాత్ర గురించే. మన సంఘం దేశం దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. పైగా అక్కడ మేము తీసుకున్న ఒక నిర్ణయం మీద, తిరిగి వచ్చాక సభ్యుల మధ్య కొంత చర్చ నడిచింది. యాత్రకు రాలేకపోయినవారికి కూడా ఉన్నది ఉన్నట్టు తెలియజేయడం కార్యదర్శిగా నా బాధ్యత అని భావిస్తున్నాను.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా, అంగ్‌కోర్ గుళ్లకు దగ్గరి పట్టణమైన సియెమ్ రీప్ చేరాము. గుళ్లన్నింటికీ కలిపి ఇచ్చే మూడు రోజుల టికెట్టు మనిషికి 62 డాలర్లు. ధర విని మొదట కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. అయితే ప్రతి టికెట్టు సొమ్ములోనూ 2 డాలర్లు కంథా బోఫా అనే ఉచిత పిల్లల ఆసుపత్రులకు వెళతాయని మా గైడు చెప్పగానే ఆ మాట అక్కడితో ఆగింది. ఈ యాత్రలో మాకు ఆ ఆసుపత్రి పేరు వినబడటం అదే మొదలు.

అంగ్‌కోర్ వాట్ 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన ఆలయం. పడమటి ముఖంగా ఉంటుంది. చుట్టు మండపాల గోడల మీద చెక్కిన కథలు కూడా మనం ప్రదక్షిణ చేసే దిక్కుకు ఎదురుగా సాగుతాయి. ఈ రెండింటినీ బట్టి అది రాజు మరణానంతర స్మృతి కోసం కూడా ఉద్దేశించినదని పండితులు భావిస్తున్నారు. అలవాటు కొద్దీ ఎడమచేతి వైపు నడవబోయిన మా పెద్దలను గైడు ఆపి, కథ ఏ వైపు నుంచి మొదలవుతుందో చూపించాడు. పడమటి గోడకు ఒక పక్క కురుక్షేత్రం, మరో పక్క లంకా యుద్ధం ఉన్నాయి. తూర్పు మండపంలో సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. 92 మంది అసురులు, 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని వరుసగా నిలబడి లాగుతుంటారు. మధ్యలో విష్ణువు, ఆయన కింద కూర్మం. ఆ వరుసలో పాము తల పక్కన ఉన్న పలుతలల మూర్తిని రావణుడుగాను, తోక పక్కన ఉన్న వానరుణ్ణి హనుమంతుడుగాను గుర్తిస్తున్నారు. మన పురాణాల్లో వీరిద్దరూ ఆ ఘట్టంలో కనబడరు. ఖ్మేరు (కంబోడియా) శిల్పులు కథను తమదిగా చేసుకున్న తీరు అక్కడ స్పష్టంగా కనిపించింది. మాతో వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆ గోడ ముందు దాదాపు గంటసేపు నిలబడి, అసురుల ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచారు. ఆమెను తొందరపెట్టడానికి మాకెవరికీ మనసు రాలేదు.

రెండవ రోజు చూసిన బంతెయ్ స్రెయ్ చిన్న గుడి. క్రీ.శ. 967లో రాజగురువు యజ్ఞవరాహుడు ప్రతిష్ఠ చేయించిన శివాలయం ఇది. గులాబీరంగు ఇసుకరాతిలో కైలాసాన్ని కదిలిస్తున్న రావణుణ్ణీ, శివుడి మీద బాణం ఎక్కుపెట్టిన మన్మథుణ్ణీ కొయ్యలో చెక్కినంత సన్నగా చెక్కారు. మన పాలంపేట రామప్ప గుడిని చూసిన సభ్యులు రెండింటినీ పోల్చుకోకుండా ఉండలేకపోయారు. అయితే రామప్ప 1213 నాటిది, ఇది అంతకు దాదాపు రెండున్నర శతాబ్దాలు ముందుది.

మూడవ రోజు వెళ్లిన తా ప్రోమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1186లో ఏడవ జయవర్మ తన తల్లి పేరిట ప్రతిష్ఠించిన బౌద్ధ విహారమది. గోడల మీదుగా దిగిన మహావృక్షాల వేళ్ల ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ జీర్ణోద్ధరణ పనుల్లో మన భారత పురావస్తు శాఖ చాలా ఏళ్లుగా పాలుపంచుకుంటోంది. వారు నిలబెట్టిన నర్తకీ మండపం 2022 నవంబరులో ప్రారంభమైంది. కూలిన రాళ్లకు అంకెలు వేసి, ఏ రాయి ఏ స్థానానిదో వెతికి పేర్చిన ఆ పనిని చూస్తే మనదేశం వారి ఓపికకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఆ గుడి శాసనం రాజ్యంలో 102 ఆరోగ్యశాలలు ఉన్నాయని చెబుతుంది. జయవర్మ ఆసుపత్రుల శాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. ప్రజల రోగం రాజును తన రోగం కంటే ఎక్కువగా బాధించిందని, ప్రజల బాధే రాజుల బాధ అని వాటిలో ఒక శ్లోకం భావం. రాజభాండాగారం నుంచి ఆసుపత్రులకు పంపవలసిన వస్తువుల పట్టిక కూడా అందులో ఉంది. తేనె, నువ్వులు, కర్పూరం, జీలకర్ర, జాజికాయ, ధనియాలు, యాలకులు, శొంఠి అని గైడు ఒక్కొక్కటిగా చెబుతుంటే మా ఆడవాళ్లు పోపులపెట్టె తెరిచినట్టు వాటి తెలుగు పేర్లు అందుకున్నారు. రెండేళ్ల కిందట మనం బస్సులో వెళ్లి చూసిన తుళ్లూరు మండలం మల్కాపురం శాసనం ఇక్కడ గుర్తుకు రావడం సహజమే. రుద్రమదేవి కాలంలో, 1261లో, విశ్వేశ్వర శివాచార్యులు వేయించిన ఆ శాసనంలోనూ ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కేటాయింపులు ఉన్నాయి. సముద్రానికి ఇటూ అటూ, ఒక శతాబ్దం లోపల, గుడి శాసనాల్లో వైద్యానికి చోటు దొరికింది.

ఇక చర్చకు వచ్చిన విషయం. మా ప్రయాణ కార్యక్రమంలో నాలుగవ రోజు ఉదయం ఒక అనాథాశ్రమ సందర్శన ఉంది. ట్రావెల్ ఏజెంటు దాన్ని పెట్టినప్పుడు కార్యవర్గం ఎంతో సంతోషంగా ఒప్పుకుంది. ఆ పిల్లల కోసమే ఇంటి దగ్గర నుంచి ఆరు డజన్ల నోటుపుస్తకాలు మోసుకెళ్లాము. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా గైడు చాలా ఇబ్బంది పడుతూ ఒక మాట చెప్పాడు. కంబోడియాలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని, పర్యాటకులు డబ్బులిస్తారు కనుక పేద కుటుంబాల నుంచి పిల్లలను తెచ్చి, వచ్చినవారి ముందు ఆడించి పాడించే చోట్లు పుట్టుకొచ్చాయని, ఈ కారణంగానే పిల్లల సంక్షేమం కోసం పనిచేసే సంస్థలు ఇటువంటి సందర్శనలు వద్దని చెబుతున్నాయని వివరించాడు. మేము వెళ్లవలసిన ఆశ్రమం అటువంటిదో కాదో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. తెలుసుకునే దారి లేనప్పుడు వెళ్లకపోవడమే మంచిదని ఎక్కువమందిమి అనుకున్నాము. నలుగురు సభ్యులు మాత్రం, అంతదూరం వచ్చి పిల్లలను చూడకుండా వెళ్లడం బాధగా ఉందన్నారు. వారి బాధ నిజమైనదే, దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ విచారించుకోకుండా ఆ కార్యక్రమానికి ఒప్పుకున్న తప్పు కార్యవర్గానిది, ముఖ్యంగా నాది. అందుకు సభ్యులందరినీ క్షమించమని కోరుతున్నాను.

ఆ ఉదయం దాని బదులు జయవర్మ పేరు పెట్టుకున్న కంథా బోఫా పిల్లల ఆసుపత్రికి వెళ్లాము. బేయాట్ రిచ్నర్ అనే స్విస్ పిల్లల వైద్యుడు అంతర్యుద్ధం రోజుల్లో రాజధాని నాంఫెన్‌లోని పాత కంథా బోఫాలో పనిచేసి, ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారం చేజిక్కించుకున్నప్పుడు దేశం విడిచి, మళ్లీ వచ్చి 1992లో దానిని తెరిచారు. సియెమ్ రీప్ ఆసుపత్రి 1999లో మొదలైంది. వైద్యానికి పైసా తీసుకోరు. ఖర్చులో పెద్ద భాగం స్విట్జర్లాండ్ ప్రజల విరాళాలే. ఆయన చెల్లో వాద్యకారుడు కూడా. శనివారం సాయంత్రాలు ఆసుపత్రిలోనే కచేరీ చేసి, వచ్చిన పర్యాటకుల్లో చిన్నవారిని రక్తం, పెద్దవారిని డబ్బు అడిగేవారు. 2018లో ఆయన కన్నుమూశారు. డెంగీ విజృంభించే నెలల్లో రక్తం అవసరం ఎంతగా ఉంటుందో మనకూ తెలియనిది కాదు.

వార్డుల్లోకి మేము వెళ్లలేదు. జబ్బుపడిన పిల్లలు చూసి రావడానికి ఉన్నవారు కాదు. బయట నీడలో చాపలు పరుచుకుని, క్యారియర్లు పక్కన పెట్టుకుని, పల్లెల నుంచి వచ్చిన తల్లులు కూర్చున్నారు. ఒకావిడ తన పసివాడి అరికాలికి ఏదో నూనె రాస్తూ మమ్మల్ని చూసి తల వంచి రెండు చేతులూ జోడించింది. మేమూ జోడించాము. మాలో అరవై దాటినవారే ఎక్కువ కనుక రక్తం ఇవ్వగలిగినవారు ముగ్గురే. మిగిలినవారు ఎవరికి తోచింది వారు అక్కడి కౌంటరులో చెల్లించి రశీదు తీసుకున్నారు. విదేశీ సంస్థకు సంఘం నిధి నుంచి డబ్బు పంపే అధికారం మనకు లేదు కనుక ఆ ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదని కోశాధికారిగారు నమోదు చేయమన్నారు.

నోటుపుస్తకాలను గైడు సలహా మీద ఒక పల్లె బడికి, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, ప్రధానోపాధ్యాయుడి చేతికే అందజేశాము. ఎవరికి ఎన్ని అవసరమో ఆయనకే తెలుసు. ఆయన నల్లబల్ల మీద తమ అక్షరాలు రాసి చదివి వినిపించారు. పలికే తీరు వేరైనా వరుస మాత్రం మన క, ఖ, గ, ఘ, ఙ వరుసే. మా ఉపాధ్యాయురాలు పక్కనే తెలుగులో అవే ఐదు రాశారు. ఆయన రెండింటినీ కాసేపు చూసి, చెరపకుండా అలాగే ఉంచారు.

ఈ అనుభవాన్ని బట్టి కార్యవర్గం మూడు ప్రతిపాదనలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతోంది. ఇకపై ఏ యాత్రలోనైనా, స్వదేశంలో కానీ విదేశంలో కానీ, పిల్లల ఆశ్రమాల సందర్శన పెట్టుకోకూడదు. ఇవ్వదలచినది అక్కడి బాధ్యుల అవసరం ముందుగా కనుక్కుని, వారి చేతికే ఇవ్వాలి. యాత్ర ఖర్చుల్లో మిగిలిన సొమ్మును, యాత్రికుల సమ్మతితో, వానాకాలం మొదలయ్యే లోగా మన ఊరి ప్రభుత్వాసుపత్రి రక్తనిధి కోసం రక్తదాన శిబిరానికి వాడాలి. మనలో ఎక్కువమందిమి రక్తం ఇచ్చే వయసు దాటినవారమే అయినా, పిల్లలనూ అల్లుళ్లనూ కోడళ్లనూ మనవలనూ తీసుకురాగలం. ఇందుకోసం పేర్లు నమోదు చేసుకునే పుస్తకం సంఘం కార్యాలయంలో బల్ల మీద ఉంది. ఇప్పటికి అందులో పదకొండు పేర్లు ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి