రాస్ చేప వెలిసిపోతే మందు పోయకండి

అయ్యా,

తిరుపతిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది. కొన్న రోజు నిప్పుకణికలా ఉన్న రాస్ చేప (పగడపు దిబ్బల్లో బతికే రంగురంగుల సముద్రపు చేప) ఏడాది తిరక్కుండానే వెలిసిపోయిందని. జబ్బనుకుని తొట్టిలో రాగి మందు పోసేస్తున్నారు. ఆ మందుకు పగడాలు, రొయ్యలు, నత్తలు చస్తాయి. చేప మేత మానేసి ఇంకాస్త పాలిపోతుంది. నిజానికి రంగు తగ్గడం చాలాసార్లు జబ్బే కాదు.

మొదట చూడాల్సింది వేళ. ఫెయిరీ రాస్‌లు రాత్రి రాళ్ల సందున జిగురు పొర కట్టుకుని పడుకుంటాయి. కోరిస్, లెపర్డ్ రాస్‌లు ఇసుకలో దూరతాయి. నిద్రలో రంగు మసకబారుతుంది, లైటు వేసిన కాసేపటి దాకా అలాగే ఉంటుంది. చెన్నై నుంచి సంచిలో వచ్చిన కొత్త చేప కూడా కొన్నాళ్లు పాలిపోయే కనిపిస్తుంది, దాన్ని కదపకూడదు. ఇసుకలో దూరే రకాలకు సన్నని ఇసుక 2-3 అంగుళాల మందం ఉండాలి. గరుకు పగడపు ముక్కలు పరిస్తే ఒళ్లు గీసుకుపోయి అప్పుడు నిజంగానే జబ్బు చేస్తుంది.

అసలు చిక్కంతా మగ ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లతో. ఇవి ఆడవిగా ఎదిగి, గుంపులో పెద్దది మగదిగా మారుతుంది. మగచేప రంగు ఆడవాటి మెప్పు కోసం, సాటి మగవాటితో పోటీ కోసం. ఒంటరిగా పెడితే ఆ అవసరమే పోతుంది. నెలలు గడిచేకొద్దీ రంగు దిగి ఆడచేపలా కనిపిస్తుంది. ఒకసారి దిగిన రంగు మళ్లీ పూర్తిగా ఎక్కుతుందన్న భరోసా లేదు. అందుకే నాలుగడుగుల తొట్టిలో అదే జాతి ఆడచేపల్ని రెండు మూడు ముందు వదలండి, వారం ఆగి మగదాన్ని వదలండి. సన్నకంతల వల మూత తప్పనిసరి. తరుముకునేటప్పుడు ఎగిరి నేల మీద పడతాయి.

ఇక మేత. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కావలసిన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను చేప సొంతంగా తయారుచేసుకోలేదు. నీలం అలా కాదు, చర్మంలోని సూక్ష్మ స్ఫటికాల మీద వెలుగు పడి వచ్చేది. కాబట్టి నీలం నిలిచి ఎరుపు మాత్రమే తగ్గితే మేతనే అనుమానించాలి. ఉడికిన రొయ్య ఎర్రబడేది ఆస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ వల్ల. చేపకు కావలసిందీ అదే. రొయ్యల్ని తల, పొట్టుతో సహా రుబ్బి, పల్చని పలకలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రోజుకు రెండు మూడు సార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. పొట్టు తీసి పారేస్తే రంగును పారేసినట్టే. తొట్టిలో బతికున్న రొయ్యలుంటే మాత్రం చెరువు రొయ్యను ఉడికించే వేయాలి, తెల్లమచ్చ వైరస్ ఫ్రీజర్‌లో చావదు. రొయ్య ఒక్కటే చాలదు, మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు), స్పిరులినా (నాచు) మేతలు మార్చి మార్చి ఇవ్వాలి. ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ పురుగులతో నెట్టుకొస్తే రంగు నిలవదు.

కొనేటప్పుడే మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. దుకాణంలో నీలి ఎల్‌ఈడీ కింద మెరిసిన ఎరుపు ఇంట్లో తెల్ల లైటు కింద సాదాగా కనిపిస్తుంది. ఫోను టార్చి వేసి చూసి కొనండి. ఎల్లోటెయిల్ కోరిస్ పిల్ల తెల్ల మచ్చలతో నారింజ ఎరుపులో ముద్దొస్తుంది. పెద్దయ్యాక నీలి చుక్కలతో, పసుపు తోకతో వేరే చేపలా మారుతుంది. అది వెలిసిపోవడం కాదు, ఎదగడం. పైగా 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చిన్న తొట్టికి తేకూడదు.

మన వేసవి సంగతి వేరే చెప్పాలి. బయట 40 డిగ్రీలు దాటినా తొట్టిలో 25-26 ఉండాలి, ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గిన మేరకు ఆర్వో మంచినీళ్లే కలపాలి. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేనివాళ్లు మార్చి తర్వాత ఈ చేపల్ని కొనొద్దు.

ఆయాసం, తెల్ల చుక్కలు, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం కనిపిస్తే అది జబ్బే. అప్పుడైనా చేపను వేరే తొట్టిలోకి మార్చే మందు వాడాలి. దుకాణదారులకు మా విన్నపం: తొట్టి అద్దం మీద చేప మగదో ఆడదో, పెద్దయ్యాక ఏ రంగవుతుందో, ఎంత పెరుగుతుందో రాసి అంటించండి. రాగి మందు సీసా ఇచ్చే ముందు చేప తింటోందా, తోడుందా అని అడగండి.

- ఉప్పునీటి అక్వేరియం పెంపకందారులు, తిరుపతి