23 రోజులు, 14 ఫోన్లు, ఒక్క జవాబు లేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. తెనాలి నుంచి రాస్తున్నాను. మీ వెబ్‌సైట్‌లో కొన్న కారు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పని చేయలేదు. వస్తువన్నాక వందలో ఒకటి పాడైంది వస్తుంది, దానికి నేనేమీ అనను. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడికే ఈ ఉత్తరం.

మాది 2006 నాటి మారుతి 800. నాన్నగారు ముచ్చటపడి కొన్న బండి. ఆయన పోయాక దాన్ని నేనే చూసుకుంటున్నాను, చిన్నాచితకా పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకుంటాను. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి సామాను కోసం మీలాంటి వాళ్ల మీదే ఆధారపడాలి. క్లచ్ కేబుల్, బ్రేక్ షూలు, ఫ్యాన్ బెల్టు, ఫిల్టర్లు, ఏది కావాలన్నా 11 ఏళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. మా వీధిలో పాత బండ్లున్న ముగ్గురికి మీ పేరు చెప్పింది కూడా నేనే.

పాత థర్మోస్టాట్ తీయడానికే రెండు ఆదివారాలు పట్టింది. దాని మూతకున్నవి రెండే బోల్టులు. ఒకటి చెయ్యి వేయగానే వచ్చింది. రెండోది అల్యూమినియంలో తుప్పు పట్టి కరుచుకుపోయింది. పానా వేసి గట్టిగా లాగితే తల తెగి బోల్టు లోపలే ఉండిపోతుంది, ఇక డ్రిల్లింగే గతి. అందుకని రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, పొద్దున సుత్తితో మెల్లగా తట్టి, వెంట్రుకవాసి వదులు చేసి మళ్లీ బిగించి మళ్లీ వదులు చేస్తూ వచ్చాను. రెండో ఆదివారం మధ్యాహ్నానికి కిర్రుమంటూ కదిలింది. ఆ చప్పుడు విని అమ్మ కూడా బయటికి వచ్చి చూసింది. అంటుకుపోయిన పాత ప్యాకింగ్‌ను బ్లేడుతో గీకి, మీరు పంపిన పార్టు పెట్టి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను. కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఆగి చూశాను. పావుగంటకల్లా టెంపరేచర్ ముల్లు ఎరుపు దాకా వెళ్లింది. పైన ఉన్న హోస్ పైపు పట్టుకుంటే చల్లగా ఉంది. అంటే వేడి నీళ్లు రేడియేటర్‌కు వెళ్లడం లేదు. ఇంజిన్ వెంటనే ఆపేశాను కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) దక్కింది.

మళ్లీ విప్పాను. వంటింట్లో పాత గిన్నెతో నీళ్లు మరిగించి, మీ థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీశాను. దాని అంచున 82 అని అచ్చు ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు సలసల కాగుతున్నా పది నిమిషాల పాటు నోరు తెరవలేదు. పక్కనే వేసిన పాతది సగమైనా తెరుచుకుంది. గోడ గడియారం కూడా కనపడేలా ఇదంతా వీడియో తీశాను.

మొదటి ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కంప్లయింట్ నంబర్ ఇచ్చి, రెండు రోజుల్లో ఫోన్ వస్తుందంది. రాలేదు. అయిదో రోజు నేనే చేస్తే ఇంకొకరు ఎత్తి, అలాంటి నంబరే లేదన్నారు. కథంతా మొదటి నుంచి చెప్పాను. వీడియో మెయిల్ చేయమన్నారు, చేశాను. సైజు ఎక్కువైందన్నారు, కత్తిరించి పంపాను. ఆ తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "టెక్నికల్ టీమ్ చూస్తోంది సార్" అన్న మాటే. నా వీడియో ఎవరైనా తెరిచి చూశారా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఇంకో రోజు ఒకాయన ఇంట్లో బిగిస్తే వారంటీ వర్తించదని, వర్క్‌షాప్ బిల్లు పెట్టమని అన్నారు. మీ వారంటీ కాగితాన్ని ముందూ వెనకా రెండుసార్లు చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. ఏ లైన్‌లో ఉందో చెప్పండి అంటే నన్ను హోల్డ్‌లో పెట్టి వెళ్లారు. 18 నిమిషాలు పాట విన్నాక లైన్ కట్ అయింది. మర్నాడు ఇంకొకరైతే, "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేసి నడుపుకోండి" అని సలహా ఇచ్చారు. అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఈ పార్టును అమ్ముతున్నదే మీరు. అది అక్కర్లేదని మీ మనిషే అంటే నేను ఎవరితో చెప్పుకోవాలి?

అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. చెకప్ కోసం గుంటూరు తీసుకెళ్లాలి. బండి ఇంటి ముందు విప్పి ఉంది కాబట్టి నల్లద్దాలు పెట్టుకున్న మనిషిని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. సీటు దొరకలేదు. నిలబడి ఉండగానే మీ మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారండీ? ఎప్పుడు? నన్ను అడగకుండా నా కంప్లయింట్ ఎలా మూసేస్తారు? పార్టు పనిచేయనందుకు రాని కోపం ఆ ఒక్క మెసేజ్‌తో వచ్చింది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

తర్వాత నాలుగుసార్లు చేశాను. కొత్త కంప్లయింట్ పెట్టమంటారు, పెడితే పాతది క్లోజ్ అయింది కాబట్టి కుదరదంటారు. పై అధికారిని ఇవ్వమంటే మీటింగ్‌లో ఉన్నారంటారు. మొత్తం 14 ఫోన్లు. తేదీలు, టైములు అన్నీ డైరీలో రాసి పెట్టుకున్నాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనడానికి వీల్లేదు. నెలకు ఇంకా వారం ఉంది. అప్పటికీ ఇలాగే ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. 340 రూపాయల కోసం ఇంత చేస్తారా అనుకోవద్దు, చేస్తాను. మీ పేరు చెప్పిన ఆ ముగ్గురికీ జరిగింది ఇప్పటికే చెప్పాను.

డబ్బు వెనక్కిస్తారో, పనిచేసే పార్టు పంపుతారో మీ ఇష్టం. అంతకన్నా ముందు, ఆ వీడియో చూసిన మనిషి ఎవరైనా ఒక్కరు నాకు ఫోన్ చేయాలి. నా కంప్లయింట్ ఎందుకు మూశారో చెప్పాలి. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను. గిన్నె, దారం, మీ థర్మోస్టాట్ అలాగే ఉంచాను. వీడియో కాల్ చేస్తే మీ కళ్ల ముందే మళ్లీ మరిగించి చూపిస్తాను.

ఇట్లు,
11 ఏళ్లుగా మీ దగ్గర కొంటున్న కస్టమర్,
తెనాలి