అరండల్‌పేట ఆఫీసు గురించి బావకు

విజయవాడ

ప్రియమైన బావా,

అరండల్‌పేటలో రెండంతస్తులు తొమ్మిదేళ్ల లీజుకు తీసుకుని కోవర్కింగ్ ఆఫీసు, అంటే ఎవరైనా కుర్చీ అద్దెకు తీసుకుని పనిచేసుకునే చోటు, పెడతానని రాశావు. చదివి ఎంత సంతోషించానో అంత భయపడ్డాను. గుంటూరుకు అలాంటి చోటు కావాలి, అందులో సందేహం లేదు. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తూ, కరెంటు పోయినప్పుడల్లా గిలగిలలాడే పిల్లలు బ్రాడీపేటలో ఎంతమంది లేరు! నా భయమంతా ఆ తొమ్మిదేళ్ల దగ్గరే.

భవనాన్ని మనం ఏళ్ల తరబడికి తీసుకుంటాం, కుర్చీని నెలకో రోజుకో ఇస్తాం. మంచి రోజుల్లో ఆ తేడాయే లాభం. కష్టకాలంలో కుర్చీ తీసుకున్నవాడు నెల ముందు చెప్పి వెళ్లిపోతాడు. యజమానికి అద్దె మాత్రం కట్టి తీరాలి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇక్కడ లబ్బీపేటలోని మా కోవర్కింగ్ ఆఫీసు పరిస్థితి అదే. తాళం వేసిన హాలుకు అద్దె, ఇంటర్నెట్ బిల్లు, వాచ్‌మన్ జీతం.

పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తప్పలేదు. 2019 మొదట్లో 4,700 కోట్ల డాలర్ల విలువ కట్టిన అమెరికా కోవర్కింగ్ కంపెనీ వీవర్క్, 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. కోర్టు అండతో అది చేసిన ముఖ్యమైన పని, మోయలేని లీజులను వదిలించుకోవడం, ఉంచుకున్నవాటికి అద్దె తగ్గించుకోవడం. (మన దేశంలోని వీవర్క్ ఇండియాది వేరే యాజమాన్యం. ఆ దివాలాలో అది లేదు.) అంతకు 20 ఏళ్ల ముందే, డాట్‌కామ్ (ఇంటర్నెట్) కంపెనీలు కూలిపోయాక, ఇలాగే ఆఫీసులు అద్దెకిచ్చే రీజస్ అమెరికా విభాగం కూడా 2003లో దివాలా రక్షణ కోసం కోర్టు మెట్లెక్కింది. రీజస్ మాతృసంస్థ ఐడబ్ల్యూజీ ఇప్పుడు భవన యజమానులతో భాగస్వామ్యం వైపే మొగ్గుతోంది. భవనం వాళ్లది, నడిపేది వీళ్లు, ఆదాయంలో ఇద్దరికీ వాటా.

మన ఊరి పొలం లెక్కలో చెప్పనా? కౌలుకు తీసుకుంటే పంట పోయినా కౌలు కట్టాలి. సంగోరుకు చేస్తే పండినా ఎండినా ఇద్దరిదీ. 2020 వేసవిలో మా యజమానిని నేను అడిగింది సంగోరే. “మేం ఖాళీ చేస్తే ఇప్పట్లో ఇంకెవరూ రారండీ. కనీస అద్దె కొంత, వసూలైన దానిలో వాటా కొంత తీసుకోండి” అన్నాను. పెద్దాయన కొడుకుతో మాట్లాడి ఒప్పుకున్నారు. అందరూ అలా ఒప్పుకోరు బావా. ఒప్పందంలో ఆ షరతు లేనప్పుడు, లాక్‌డౌన్ వచ్చిందన్న కారణంతో అద్దె నిలిపివేయడం కుదరదని 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్ దుకాణం కేసులో చెప్పింది.

మిగతా సర్దుబాట్లూ చేశాం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు చిరునామా ఇవ్వడం, మీటింగు గదిని గంటల లెక్కన ఇవ్వడం లాంటివి. అవి కరెంటు బిల్లుకు సరిపోతాయి, అంతే. మమ్మల్ని నిలబెట్టింది ఒక అంతస్తు మొత్తం ఒకే కంపెనీకి, రెండేళ్ల కాలానికి ఇవ్వడం.

2024 సెప్టెంబరులో వచ్చిన వరద పూర్తిగా వేరే కష్టం. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. కరోనాలో కుర్చీలు ఖాళీ అయితే, వరదలో చాలలేదు. ల్యాప్‌టాప్‌ను పాలిథిన్ సంచిలో చుట్టుకుని, తడి బట్టలతో వచ్చినవాళ్లకు జనరేటర్ వేసి చోటిచ్చాం, డబ్బు తీసుకోలేదు. నెలనెలా పూర్తి అద్దె బరువు నెత్తిన ఉండి ఉంటే ఆ పని చేయగలిగేవాళ్లమా? వాళ్లలో కొందరు ఇప్పుడు మా శాశ్వత సభ్యులు.

నీ దగ్గర డబ్బుంది, ఓపిక ఉంది, మనుషులను కలుపుకుపోయే గుణం ఉంది. ఆ భవన యజమానితో మాత్రం కనీస అద్దె, వాటా పద్ధతి మాట్లాడు. కాదంటే, మూడేళ్ల తర్వాత నువ్వు తప్పుకునే హక్కయినా అడుగు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి ఈ షరతులన్నీ ఆ పత్రంలోనే ఉండాలి, నోటిమాటగా వద్దు. ముసాయిదా నాకు పంపు. వచ్చే ఆదివారం నేనే గుంటూరు వస్తాను, ఆయన దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

నీ
బావ